ముంపు ఊరి దంపతులకు కొండదారిలో కదిలే ఇల్లు

ఆరు చక్రాల కింద ఆరు నిమ్మకాయలు పెట్టారు. పూజారి హారతి ఇచ్చి, ముందు అద్దం మీద కుంకుమతో ఓంకారం దిద్దారు. ఇంజను మోగింది. నిమ్మకాయలు చితికాయి. బండి కదిలింది. దానితో పాటు వంటిల్లు, పడకగది, స్నానాల గది, గోంగూర పచ్చడి జాడీ, దేవుడి పటం కూడా కదిలాయి.

ఇది జరిగింది కర్నూలులోనో నంద్యాలలోనో కాదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా నగరానికి దగ్గరలో ఉన్న రివర్‌డేల్ దేవాలయం ఆవరణలో. సంవత్సరం 2019. బండికి పూజ చేయించిన దంపతులు మాత్రం ఉమ్మడి కర్నూలు జిల్లా వారే. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగారు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు మునిగిన నూరు పైచిలుకు గ్రామాల్లో వారి ఊరు ఒకటి. పేర్లు అచ్చు వేయవద్దని ఇద్దరూ కోరారు. ఊరి పేరు వేసినా ఇప్పుడు ఆ చిరునామాకు ఉత్తరం చేరదని ఆయన నవ్వారు.

ఆయన సివిల్ ఇంజనీరు. 1979లో పై చదువుకు అమెరికా వెళ్లారు. 1980 డిసెంబరులో వచ్చి మేనమామ కూతురిని పెళ్లాడారు. ఆ ఇంటి ముందు వేసిన చివరి పందిరి అదే. మరుసటి ఏడు ఊరు ఖాళీ చేయించారు. ఇంటి దూలాలు, తలుపులు ఎద్దుల బండ్ల మీద పునరావాస కాలనీకి చేరిన సంగతి ఆయనకు తండ్రి రాసిన ఉత్తరం ద్వారా తెలిసింది. ఆ ఉత్తరం అందేసరికి ఇల్లు పోయి పదహారు రోజులైంది.

నలభై ఏళ్లు రోడ్లు, వంతెనల పనిలో గడిపి 65వ ఏట ఆయన పదవీ విరమణ చేశారు. ఆస్పత్రి లాబొరేటరీలో పనిచేసిన ఆమె అంతకు ఏడాది ముందే ఉద్యోగం మానుకున్నారు. పిల్లలిద్దరూ స్థిరపడ్డారు. ఇక కాశీకో రామేశ్వరానికో పోవాల్సిన వయసులో వీరు వాడిన బండి ఒకటి కొని, ఏటా అక్టోబరు రాగానే అమెరికా దక్షిణాది కొండలకు బయలుదేరుతున్నారు.

ఇల్లే బస్సు, బస్సే ఇల్లు

ఈ బండిని అక్కడి వారు మోటార్‌హోమ్ అంటారు. వీరిది 26 అడుగుల పొడవు. మన మినీ బస్సు కంటే కొంచెం పెద్దది. డ్రైవరు సీటు వెనుక ఒక బల్ల, రెండు పొయ్యిల గ్యాసు స్టవ్వు, ఫ్రిజ్, చేతులు కడిగే తొట్టి. వెనుక మంచం. పక్కన మనిషి నిలబడేంత స్నానాల గది, అందులోనే మరుగుదొడ్డి. బండి అడుగున మంచినీళ్ల ట్యాంకు ఉంటుంది. సుమారు 150 లీటర్లు పడుతుంది. పొదుపుగా వాడితే మూడు రోజులు వస్తుంది. నీళ్ల విలువ తెలిసిన రాయలసీమ వాళ్లం కనుక తమకు నాలుగు రోజులు వస్తుందని ఆమె చెప్పారు.

అమెరికాలో ఇటువంటి బండ్లకు మంచి గిరాకీ ఉంది. అయొవా రాష్ట్రంలోని విన్నెబాగో కంపెనీ 1966లో వీటిని ఫ్యాక్టరీలో వరుసగా తయారు చేసి అమ్మడం మొదలుపెట్టాక మామూలు ఉద్యోగులకు కూడా అందుబాటులోకి వచ్చాయి. ఇప్పుడు అక్కడి బండ్లలో అధిక భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే తయారవుతాయి. రిటైరయ్యాక ఉన్న ఇల్లు అమ్మేసి బండిలోనే కాపురం పెట్టే ముసలి దంపతులూ ఉన్నారు. కొందరు ప్రభుత్వ విడిది స్థలాల్లో కాపలా పనికి ఒప్పుకుని, జీతం లేకుండా ఉచితంగా బస చేస్తారు.

ఖర్చు లేకపోలేదు. లీటరు ఇంధనానికి మూడున్నర, నాలుగు కిలోమీటర్లకు మించి నడవదు. మన ఆర్టీసీ బస్సే నయం. అయితే 62 ఏళ్లు నిండిన వారికి అక్కడి ప్రభుత్వం జాతీయ పార్కులకు 80 డాలర్లకే జీవితకాలపు పాసు ఇస్తుంది. దానితో చాలా విడిది స్థలాల్లో అద్దె సగమే. హోటలు గది అద్దెతో పోల్చి చూస్తే బండే గిట్టుబాటు అని ఆయన లెక్క. ఆమె లెక్క వేరు. బండి కొన్న సొమ్ముకు ఎన్ని హోటళ్లలో ఎన్ని ఏళ్లు ఉండవచ్చో ఆమె ఒకసారి కాగితం మీద వేసి చూపారట. ఆ కాగితం తర్వాత కనిపించలేదు.

ఈ ప్రయాణంలో ఎవరూ ఫోటో తీసి పంపని పని ఒకటుంది. మురుగు నీరు, మలం బండి అడుగున వేర్వేరు ట్యాంకుల్లో చేరతాయి. మూడు నాలుగు రోజులకు ఒకసారి విడిది స్థలంలో అందుకని కట్టిన గుంత దగ్గర బండి నిలిపి, లావుపాటి గొట్టం తగిలించి వదలాలి. ముందు మలం ట్యాంకు, తర్వాత స్నానాల నీళ్ల ట్యాంకు. రెండో నీళ్లతో గొట్టం కడుగుడు పడుతుంది. ఆ పనికి మనిషి దొరకడు. జడ్జి అయినా డాక్టరైనా తొడుగులు వేసుకుని తన గొట్టం తానే పట్టుకోవాలి. తమ ఊళ్లో ఈ పని ఎవరి చేత చేయించేవారో, వారిని ఎంత దూరాన నిలబెట్టేవారో మొదటిసారి గొట్టం పట్టుకున్నప్పుడు గుర్తుకు వచ్చిందని ఆయన చెప్పారు. అంతకు మించి ఆ మాట పొడిగించలేదు.

రంగు కొండ దిగుతుంది

అక్టోబరులోనే ఎందుకు? ఆకుల కోసం.

మన నల్లమలలో వేసవి ముందు ఆకులు ఎండి రాలతాయి. మోదుగ పూసినప్పుడు తప్ప అడవికి రంగు ఉండదు. అమెరికా తూర్పు భాగంలో ఉత్తరం నుంచి దక్షిణానికి సాగే అపలేషియన్ కొండల్లో అలా కాదు. సెప్టెంబరు చివర పగటి పొద్దు తగ్గి, రాత్రుళ్లు చలి ముదిరితే చెట్టు ఆకుల్లో పత్రహరితం తయారీ ఆపేస్తుంది. పచ్చదనం కరిగిపోతుంది. అంతకాలం దాని వెనుక దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. కొన్ని జాతుల ఆకుల్లో మిగిలిన చక్కెర నుంచి ఎరుపు కొత్తగా పుడుతుంది. మేపుల్, డాగ్‌వుడ్ ఎర్రబడతాయి. హికరీ, తులిప్ చెట్లు పసుపు పూసుకుంటాయి. ఓక్ చెట్లు అన్నిటికన్నా ఆలస్యంగా మారతాయి.

ఈ మార్పు కొండ కొమ్మున మొదలై లోయకు దిగుతుంది. ఐదారు వేల అడుగుల ఎత్తున అక్టోబరు మొదటి వారంలోనే రంగు వస్తే, లోయల్లో నవంబరు మొదటి వారం దాకా ఆగుతుంది. దంపతులు ముందు ఎత్తుకు పోయి, రంగుతో పాటు రోజుకు కొంత చొప్పున కిందికి దిగుతారు. ఆ నెలంతా ఆ రోడ్లపై వీరి వంటి ముసలి జంటలే ఎక్కువ. పిల్లలకు బడులు ఉంటాయి కదా.

నార్త్ కరోలినా, టెనసీ రాష్ట్రాల సరిహద్దులో ఉన్న గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కు వీరి మొదటి గమ్యం. 1934లో ఏర్పడిన ఈ పార్కుకు ఏటా కోటికి పైగా సందర్శకులు వస్తారు. అమెరికా జాతీయ పార్కుల్లో దేనికీ ఇంత రద్దీ లేదు. ప్రవేశానికి టిక్కెట్టు లేదు. 2023 నుంచి మాత్రం పావుగంటకు మించి బండి నిలిపితే రుసుము కట్టాలి. స్మోకీ అంటే పొగ కమ్మినది. చెట్ల నుంచి వెలువడే ఆవిరి వంటి పదార్థాల వల్ల కొండల మీద ఎప్పుడూ నీలి పొగ కమ్మినట్టుంటుంది.

అడవి లోపలి విడిది స్థలాల్లో కరెంటు కనెక్షను ఉండదు. పార్కులో సుమారు 1,900 నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయని లెక్క. తిండి వస్తువు ఏదీ బయట ఉంచరాదు. కారంపొడి డబ్బా కూడా లోపల పెట్టి తలుపు వేయాలి. తిరగమాత బయట వేస్తే ఎలుగుబంటికి వాసన, లోపల వేస్తే పొగ పసిగట్టే యంత్రం గోల. ఎండుమిరపకాయలు నూనెలో పడగానే అది కూత పెడుతుంది. పక్క బండి వాళ్లు పరుగెత్తుకొస్తారు. ఒకసారి అలా వచ్చిన వృద్ధ దంపతులకు ఆమె ఉగ్గాని పెట్టారు. బొరుగులతో ఉప్మా వంటిది చేయవచ్చని వారికి అప్పటిదాకా తెలియదు. మరుసటి ఏడు అదే విడిదిలో కలిసినప్పుడు వాళ్లు ముందుగానే గిన్నె పట్టుకు వచ్చారు.

ఘాట్ రోడ్డు, సొరంగాలు

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగిన వారికి ఈ భాగం సులభంగా అర్థమవుతుంది. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఉంచితే బ్రేకులు కాలి వాసన వస్తాయి. బండి ఏ గేరులో ఎక్కిందో అంతకన్నా పై గేరులో దిగకూడదు. ఐదు టన్నులకు పైగా బరువు, వెనుక గిన్నెలు, పక్కన ఇంటావిడ. వంపు దగ్గర గిన్నెల చప్పుడు బట్టి వేగం ఎక్కువైందో లేదో తెలుస్తుందట.

స్మోకీ పార్కు దక్షిణ వాకిట్లోనే బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే మరో రోడ్డు ముగుస్తుంది. దాని పొడవు 469 మైళ్లు, అంటే సుమారు 755 కిలోమీటర్లు. కొండ కొమ్ముల మీదుగా పోయే ఈ రోడ్డును కరువు రోజుల్లో పని కల్పించడానికి 1935లో మొదలుపెట్టారు. చివరి ముక్క పూర్తయ్యేసరికి 1987 వచ్చింది. దాని మీద లారీలు తిరగవు. వాణిజ్య ప్రకటనల బోర్డులు లేవు. పెట్రోలు బంకూ లేదు. గంటకు 72 కిలోమీటర్లకు మించి పోరాదు. మొత్తం 26 సొరంగాలు ఉన్నాయి. అవి కమాను ఆకారంలో ఉంటాయి. నడుమ ఎత్తు, అంచున తక్కువ. ఒక్కో సొరంగం ఎత్తు ముందే ప్రకటిస్తారు. తమ బండి ఎత్తు ఎంతో తెలియని వాడు అటు వెళ్లకూడదు. అందుకని ఆయన స్టీరింగు పైన చీటీ అంటించారు. "11 అడుగుల 3 అంగుళాలు" అని తెలుగు అక్షరాల్లో రాసి ఉంది. సొరంగం వచ్చినప్పుడల్లా ఆమె దాన్ని పైకి చదువుతారు. మంత్రం లాగా.

మోటార్‌హోమ్‌లను బొత్తిగా రానివ్వని దారులు కూడా ఉన్నాయి. పదకొండు మైళ్లలో 318 మలుపులున్న ఒక రోడ్డు ఆ పక్కనే ఉంది. కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద దాన్ని చూడ్డానికే వస్తారు. ఆయన ఒకసారి పోదామన్నారు. ఆమె దిగి నడిచి వస్తానన్నారు. బండి తిప్పుకున్నారు.

జొన్న పాకం, ఉడికించిన వేరుశనగ

అట్లాంటాకు సుమారు నూరు మైళ్ల దూరంలో, జార్జియా కొండల్లో బ్లెయిర్స్‌విల్ అనే చిన్న పట్నం ఉంది. అక్కడ ఏటా అక్టోబరులో జొన్న పాకం పండుగ జరుగుతుంది. జొన్న అంటే మన జొన్నే. ఆ కొండ రైతులు గింజ కోసం కాక దంటు కోసం తీపి జొన్న వేస్తారు. దంటును గానుగలో పిండి, రసాన్ని వెడల్పాటి పెనంలో పోసి కట్టెల మంట మీద కాస్తారు. పచ్చని తెట్టు పైకి తేలుతుంటే తీసి పారేస్తూ ఉండాలి. సుమారు పది పాళ్ల రసం మరిగితే ఒక పాలు పాకం మిగులుతుంది. దిమ్మ కట్టనివ్వరు, తేనెలాగే ఉంచి సీసాల్లో పోస్తారు. పంచదార కొనలేని పాత రోజుల్లో ఆ కొండ ఇళ్లకు ఇదే తీపి. వెనుకటి రోజుల్లో గానుగ చుట్టూ కంచరగాడిదను తిప్పేవారు.

మొదటి ఏడు ఆ పెనం దగ్గర ఆమె గంటసేపు కదల్లేదు. పాకం ఎప్పుడు దించాలో మరిగే బుడగ చూసి చెప్పారు. కాస్తున్న ముసలాయన గరిటె ఎత్తి చూసి తల ఊపాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. బెల్లం బట్టీ దగ్గర పెరిగానని చెప్పడానికి ఆమెకు ఇంగ్లీషులో బెల్లం అనే మాట చప్పున తట్టలేదు.

రోడ్డు పక్కన మరో వింత. ఉప్పు నీళ్లలో గంటల తరబడి ఉడికించిన పచ్చి వేరుశనగ కాయలు కాగితం సంచుల్లో అమ్ముతారు. అమెరికాలో మిగతా ప్రాంతాల వారు వాటిని చూసి ముఖం చిట్లిస్తారు. దక్షిణాది వారికి ప్రాణం. కర్నూలు వారికి చెప్పనే అక్కరలేదు.

నీటి కింది ఊళ్లు

మొదటి మూడేళ్లు వీరి ప్రయాణం ఇలా ఆకులు, పాకం, ఫోటోలతో గడిచింది. 2022 అక్టోబరులో ఫోంటానా అనే జలాశయం ఒడ్డున విడిది చేశారు. స్మోకీ పార్కు దక్షిణపు అంచు వెంట లిటిల్ టెనసీ నది మీద కట్టిన ఆనకట్ట అది. ఆయన ఇంజనీరు కనుక ముందు కొలతలు చూశారు. ఎత్తు 480 అడుగులు. శ్రీశైలం ఆనకట్ట ఎత్తు 476 అడుగులు. తేడా నాలుగడుగులు.

రెండో ప్రపంచ యుద్ధ సమయంలో విమానాలకు కావలసిన అల్యూమినియం ఫ్యాక్టరీలకు కరెంటు కోసం 1942లో పని మొదలుపెట్టి, రాత్రింబవళ్లు నడిపి, 1944 చివరికల్లా నీళ్లు నిలిపారు. వెయ్యికి పైగా కుటుంబాలు ఊళ్లు వదిలాయి. ఉత్తరపు ఒడ్డున కొండల్లో పాతిక పైచిలుకు శ్మశానాలు మునగకుండా మిగిలాయి గాని, అక్కడికి పోయే రోడ్డు మునిగింది. యుద్ధం ముగిశాక కొత్త రోడ్డు వేస్తామని 1943లో ప్రభుత్వం ఒప్పందం రాసింది. వేసింది ఏడు మైళ్లు. ఒక సొరంగం కూడా తవ్వారు. అవతల తవ్వితే బయటపడే రాతి వల్ల వాగుల్లోకి ఆమ్లం దిగుతుందని తేలి 1970లలో పని ఆగిపోయింది. సొరంగం దాటాక రోడ్డు లేదు. స్థానికులు దానికి "ఎక్కడికీ పోని రోడ్డు" అని పేరు పెట్టారు. చివరికి 2010లో, రోడ్డుకు బదులు ఆ కౌంటీకి 5 కోట్ల 20 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. మాట ఇచ్చిన 67 ఏళ్లకు. మన ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 98వ నంబరు జీవో 1986లో వచ్చింది. దాని కథ ఈ జిల్లా వారికి చెప్పనక్కరలేదు.

శ్మశానాలకు ఇప్పుడు దారి పడవే. ఏటా కొన్ని ఆదివారాల్లో పార్కు శాఖ వారు ఆ కుటుంబాల వారిని ఉచితంగా పడవలో అవతలి ఒడ్డుకు చేరుస్తారు. వాళ్లు సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, ప్రార్థన చేసి, తెచ్చుకున్న అన్నాలు కలిసి తిని తిరిగి వస్తారు. ఈ సంగతి వీరికి చెప్పింది విడిదిలో పక్క బండిలో ఉన్న ఒక వృద్ధురాలు. ఆమె తల్లి పుట్టిన ఇల్లు నీటి అడుగున ఉంది. అమ్మమ్మ సమాధి గట్టు మీద ఉంది. ఆ వేసవిలోనే పడవలో వెళ్లి వచ్చిందట.

శరత్కాలంలో ఫోంటానా నీటిని తగ్గిస్తారు. చలికాలపు వానలకు వచ్చే వరదకు చోటు ఉంచడానికి. నీరు దిగుతుంటే ఎర్రటి ఒడ్డు అంచెలంచెలుగా బయటపడుతుంది. కొన్ని చోట్ల పాత రోడ్డు ఆనవాళ్లు, ఇళ్ల పునాదులు తేలతాయి. వృద్ధురాలు వేలు పెట్టి చూపింది. దంపతులు చూశారు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. తెల్లవారి జలాశయం ఒడ్డున నడుస్తూ, తమ ఇంటి నుంచి చేదబావికి ఎన్ని అడుగులుండేవో గుర్తుందా అని భార్యను అడిగారు. ఆమె చప్పున చెప్పారు. నీళ్లు మోసింది ఆమె కదా.

అప్పటి నుంచి ఈ కొండలు వారికి వేరుగా కనిపించసాగాయి. కేడ్స్ కోవ్ అనే లోయలో పదకొండు మైళ్ల చుట్టు దారి ఉంది. అక్టోబరులో అక్కడ బండ్లు చీమల బారులా కదులుతాయి. అందరూ జింకలను, ఎలుగుబంట్లను చూడ్డానికి వస్తారు. పాత కట్టెల ఇళ్లు, చర్చీలు, పిండిమర చక్కగా నిలిపి ఉంచారు. మనుషులు లేరు. పార్కు కోసం 1930లలో ఆ లోయ రైతుల భూములు తీసుకున్నారు. వారికన్నా ముందు ఈ కొండలు చెరోకీ జాతి వారివి. 1838లో సైన్యం వారిని వెయ్యి మైళ్ల అవతలికి తరిమింది. దారిలో వేల మంది చనిపోయారు. తప్పించుకుని కొండల్లో మిగిలిన వారి సంతతి ఇప్పటికీ చెరోకీ అనే పట్నంలో ఉంది. వీధుల పేర్లు వారి లిపిలోనూ రాసి ఉంటాయి. ఆ లిపిని సెకోయా అనే ఆయన 1821 నాటికి ఒంటరిగా తయారు చేశాడు. మన గుణింతం లాగే అక్షరానికో ధ్వని. ఆమె అక్కడ ఆగినప్పుడల్లా బోర్డు ముందు నిలబడి రెండేసి అక్షరాలు నేర్చుకుంటున్నారు.

హెలీన్ వరద

2024లో ప్రయాణం సాగలేదు. సెప్టెంబరు 28న బయలుదేరాలని బియ్యం, బేడలు సర్దుకున్నారు. 26వ తేదీ రాత్రి హెలీన్ తుపాను ఫ్లోరిడా తీరం దాటి, మరునాటికి ఈ కొండల మీద పడింది. అప్పటికే వానలతో నాని ఉన్న నేల. కొన్ని చోట్ల మూడు రోజుల్లో రెండడుగులకు మించి వాన కురిసింది. వాగులు ఊళ్లను ఊడ్చాయి. ఒక్క నార్త్ కరోలినాలోనే వంద మందికి పైగా చనిపోయారు. బ్లూ రిడ్జ్ పార్క్‌వే ఆ కొస నుంచి ఈ కొస దాకా మూసివేశారు. రెండు రాష్ట్రాలను కలిపే పెద్ద రహదారి నదిలోకి విరిగిపడింది. దాని మీద అటొక వరస, ఇటొక వరస బండ్లు మళ్లీ నడిచింది 2025 మార్చిలో. ఆష్‌విల్ పట్నంలో కొళాయి నీళ్లు తాగడానికి పనికివచ్చింది నవంబరు 18న.

ఆ కొండల వారికి అక్టోబరే పంట నెల. ఆపిల్ తోటలు, బస గదులు, రోడ్డు పక్క కొట్లు ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఆకుల నెలలోనే చూసుకుంటాయి. దంపతులు ఏటా ఆపిల్స్ కొనే హెండర్సన్‌విల్ తోట ఆవిడకు ఫోన్ చేస్తే తొమ్మిది రోజులు పలకలేదు. పదో రోజు పలికింది. చెట్లు నిలిచాయని, కొనేవారే లేరని చెప్పింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలు పట్నాన్ని ముంచినప్పుడు ఆయన ఇలాగే ఫోను పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు తమ్ముడు పలికింది మూడో రోజు.

స్టీరింగు మారింది

2025 ఫిబ్రవరిలో ఆయనకు గుండెలో స్టెంటు వేశారు. పెద్ద బండి నడపవద్దని పిల్లలు గట్టిగా చెప్పారు. అమ్మకానికి ప్రకటన కూడా కొడుకు రాసి పంపాడు. తల్లి దాన్ని చదివి, అక్షర దోషాలు దిద్ది, దాచారు.

మే నెల నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే, మూతపడిన ఒక పెద్ద దుకాణం ముందున్న ఖాళీ స్థలంలో ఆమె బండి నేర్చుకున్నారు. ప్లాస్టిక్ బకెట్లు వరసగా పెట్టి వాటి మధ్య వెనక్కు తిప్పడం. మొదటి నెలలో పదకొండు బకెట్లు పగిలాయి. పుట్టిన ఊళ్లో సైకిలు ఎక్కనివ్వని ఇంటి పిల్ల. కారు నడపడం కూడా అమెరికా వెళ్లిన ఆరేళ్లకు గాని నేర్చుకోలేదు. వయసు 66.

అక్టోబరులో చెరోకీ నుంచి న్యూఫౌండ్ గ్యాప్ అనే కనుమకు ఆమే నడిపారు. ఆ కనుమ ఎత్తు 5,046 అడుగులు. కింది నుంచి సుమారు మూడు వేల అడుగులు ఎక్కాలి. వెనుక బండ్లు పేరుకుంటే పక్కకు తీసి దారి ఇచ్చారు. ఆయన పక్క సీటులో కూర్చుని, వంపు వచ్చినప్పుడల్లా లేని బ్రేకును కాలితో తొక్కారు. "బావా, ఆ కాలు ఇట్లా మడిచి కూర్చో" అని ఆమె రెండుసార్లు చెప్పారు. మూడోసారి చెప్పలేదు. పైన బండి నిలిపి దిగాక ఆమె చేతులు అరగంట వణికాయట. చుట్టూ కొండలు ఎర్రగా, పసుపుగా ఉన్నాయి. ఆమెకు అవేవీ గుర్తులేవు. ఎక్కడ నిలిపారో ఆ గీతలు మాత్రం గుర్తున్నాయి.

దిగేటప్పుడు కూడా ఆమే. ఆ తర్వాత ఫోంటానా ఒడ్డున రెండు రాత్రులు.

శ్రీశైలం జలాశయం తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజులు చూసుకుని దంపతులు ఒకసారి జిల్లాకు రావాలనుకుంటున్నారు. తమ ఊరి దిబ్బ ఆ పాటికి తేలుతుందో లేదో తమ్ముడు కనుక్కుంటానన్నాడు. తేలితే చేదబావి దాకా అడుగులు లెక్కపెట్టాలని ఆయన పట్టు. ఎడ్ల బండి దొరికితే బురదలో దాన్ని తానే తోలుతానని ఆమె అంటున్నారు.

బండి మాత్రం చలికాలానికి గొట్టాల్లో నీళ్లు వంచేసి, గుడ్డ కప్పి అట్లాంటాలోని ఇంటి పక్కన ఉంచారు. కొత్త బీమా కాగితం వచ్చింది. మొదటి డ్రైవరు అన్న చోట ఈసారి ఆమె పేరు ఉంది.